చెయ్యెత్తితే ఆగిన బస్సు

మా వీధిలో కాలిబాట వెడల్పుగానే ఉంటుంది గానీ దాని మీద నడిచేవాళ్ళు తక్కువ. గరాజ్ తలుపు లేస్తుంది, కారు బయటికి వస్తుంది, తలుపు దిగుతుంది. ఎదురింటివాళ్ళని ఇన్నేళ్ళుగా ఎక్కువగా కారు అద్దాల్లోంచే చూస్తున్నాం. మామూలు సిటీ బస్సు ఎక్కాలంటే టౌన్‌హౌసుల వరసంతా దాటి, ఆపైన లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. మంచు పడ్డ రోజున డెబ్బై దాటిన మనిషి చేయదగ్గ నడక కాదది.

అత్తయ్యగారు కెనడాలో మా దగ్గరికి వచ్చేదాకా నేనిది గమనించలేదు. ఆవిడ కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేరి, వార్డు మొత్తం చూసే సిస్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నంతకాలం డ్యూటీకి బస్సులోనే వెళ్ళి వచ్చారు. డాక్టర్లతో కూడా ఎదురు నిలిచి మాట్లాడిన మనిషి, మా ఇంట్లో శనివారం పొద్దున్న సోఫా అంచున కూర్చుని, "మీరు బయటికి వెళ్ళే పనుంటే నన్నూ కాస్త తీసుకెళ్తారా?" అని అడిగేవారు. ఇల్లు వెచ్చగా ఉంది, తిండికి లోటు లేదు, ఆదివారం చర్చికి తీసుకెళ్ళేవాళ్ళం. ఎవరినీ అడగకుండా గుమ్మం దాటి వెళ్ళిరావడమొక్కటే ఆవిడకి లేదు. నా భార్యకి అది లోటుగా అనిపించలేదు. అమ్మ ఇంట్లో ఉంటే క్షేమంగా ఉన్నట్టే అనుకునేది.

అలాంటప్పుడు మా పేటకి డ్రైవర్ లేని బస్సు వేస్తున్నామని సిటీవాళ్ళు ప్రకటించారు. ప్రయోగం కింద వేస్తారు. కొత్త కాండో అపార్ట్‌మెంట్లు, మా టౌన్‌హౌసులు, పెద్దవయసువాళ్ళు పొద్దుపుచ్చే సీనియర్ సెంటర్, లైబ్రరీ, ఆస్పత్రి చుట్టి వస్తుంది. దాని గురించి చెప్పడానికి లైబ్రరీలో ఒక సభ పెడితే వెళ్ళాను.

నేను డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి కాదు. టొరంటోని ఆనుకుని ఉన్న మిస్సిసాగాలో విమానాశ్రయం పక్కన ఒక మందుల గోడౌన్‌లో పనిచేస్తాను. ఎన్ని పెట్టెలు పగిలి వస్తున్నాయో చూడమని ఒకప్పుడు నాకు అప్పగించారు. చూశాను గానీ, ఆ సంఖ్యకి అర్థమేమిటో చెప్పేవాళ్ళు లేకపోయారు. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా పిండితే నాకు మిగిలింది ఒక ప్రశ్న: ఎన్నింటిలో? ఎవరైనా ఇంతమందికి జబ్బు నయమైందన్నా, ఇన్ని ఇళ్ళు అమ్ముడుపోయాయన్నా నా నోట్లోంచి ముందుగా అదే వస్తుంది. ఇంట్లో దీని మీద బోలెడు వేళాకోళం.

సభలో ఆ బస్సు తయారుచేసిన కంపెనీ ఇంజినీరు, చిన్న వయసు అమ్మాయి, మాట్లాడింది. ఇప్పటిదాకా తమ ప్రయోగాల్లో ఎవరికీ దెబ్బ తగల్లేదని చెప్పింది. నేను లేచి, ఎన్ని ప్రయాణాల్లో అని అడిగాను. ఆ అమ్మాయి తప్పించుకోలేదు. సంఖ్య చెప్పి, అది చిన్నదేనని కూడా తనే ఒప్పుకుంది. అందుకు నాకామె మీద గౌరవం కలిగింది.

ఒక పని చాలాసార్లు చేశాక ఒక్కసారి కూడా చెడు జరగకపోతే, చెడుకి అవకాశం సున్నా అని మనకి అనిపిస్తుంది. అది నిజం కాదు. గట్టిగా చెప్పగలిగిందల్లా ఒకటే: మూడుని ఆ సార్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికంటే ఆ అవకాశం ఎక్కువ ఉండకపోవచ్చు. వందసార్లు బాగా జరిగితే, నూటికి మూడు దాకా ప్రమాదం దాగి ఉన్నా మనకి కనపడకపోవచ్చు. సభలో నేనన్నది ఇంతే. వారం తిరక్కుండా ప్రయాణికుల కమిటీలో చేరమని ఉత్తరం వచ్చింది. జీతం లేని పని. ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చాక నా భార్య సూటిగా అడిగింది. "మొత్తానికి సేఫా, కాదా?"

"ఇంకా తెలీదు."

"తెలీని బండిలో మా అమ్మనెక్కిస్తారా?"

అత్తయ్యగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అన్నారు. "ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ డ్యూటీకి వెళ్ళినదాన్నే. అప్పుడెవరమ్మా లెక్కేసింది?"

నేను ఇంకొక మాట కూడా కలిపాను. ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టుకుని ఫోర్ నాట్ వన్ హైవే మీద వెళ్తున్నప్పుడు సేఫా కాదా అని మనలో ఎవరం అడగలేదు. అలవాటైన ప్రమాదానికి లెక్క అడగం. ఈ బస్సు సైకిలంత వేగంతో వెళ్తుంది, బెల్టులున్నాయి, లోపల అటెండెంట్ ఉంటాడు. నా భార్య ఒప్పుకుంది గానీ, "మీరన్నారు కాబట్టి" అని నా మీద పెట్టింది.

ఆ బస్సు పెట్టెలా ఉంటుంది. ముందూ వెనకా ఒకేలా కనిపిస్తాయి. సీట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఎక్కగానే, కూర్చోండి, బెల్టు పెట్టుకోండి అని ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఒక గొంతు చెబుతుంది. అత్తయ్యగారు దానికి 'మనిషి లేని బండి' అని పేరు పెట్టారు. మనిషి లేకపోవడమేమీ లేదు, అటెండెంట్ ఉన్నాడు. కానీ అతను రోడ్డు కంటే చేతిలో ఉన్న టాబ్లెట్ తెరనే ఎక్కువ చూస్తాడు.

మొదటిరోజు ఆవిడ సీనియర్ సెంటర్‌కి వెళ్ళి తిరిగొచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. టీ పెట్టి అందరికీ ఇచ్చారు. ఎక్కడికెళ్ళారు, ఏం చూశారు అని నా భార్య అడుగుతుంటే, "ఊరికే, అలా" అన్నారు. ఆ 'ఊరికే' అనడంలో ఎంత సంతోషముందో విన్నవాళ్ళకి తెలుస్తుంది. కారణం చెప్పనక్కర్లేకుండా వెళ్ళిరావడం ఆవిడకి చాలాకాలానికి దొరికింది.

అక్కడే ఆవిడకి స్నేహితురాలు దొరికింది. వరంగల్ వైపు మనిషి. చాలాకాలం కుట్టుషాపు నడిపారట. కొడుకు దగ్గర కాండోలో ఉంటారు. ఒకరిది చర్చి, ఇంకొకరిది గుడి. ఒకరి మాట ఇంకొకరికి సగం వింత. అయినా వారంలోగా ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. కాండో స్టాపు మాకంటే ముందు వస్తుంది. ఆవిడ ముందే ఎక్కి, పక్క సీటు మీద తన చేతిసంచి పెట్టి ఉంచేవారు. బస్సు సగం ఖాళీగా ఉన్నా సరే, సంచి పెట్టాల్సిందే. అత్తయ్యగారు ఎక్కగానే సంచి తీసి ఒళ్ళో పెట్టుకునేవారు.

అత్తయ్యగారికి ఒక పట్టాన తెమలడం చేతకాదు. గుమ్మం దాకా వెళ్ళి కళ్ళజోడు కోసం వెనక్కొచ్చే రకం. ఒకరోజు నేను సెలవులో ఉండి స్టాపు దాకా దిగబెట్టాను. తలుపు తెరుచుకోగానే లోపల్నుంచి స్నేహితురాలి గొంతు వినిపించింది. "ఏందొదినె, బండిల డ్రైవర్ లేడని నీ ఇష్టమొచ్చినప్పుడు వస్తవా? ఉన్నడనుకోని రా."

ప్రమాదం జరిగిన రోజు నేను పనిలో ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నది అత్తయ్యగారు చెప్పింది, అటెండెంట్ చెప్పింది, కమిటీలో మాకు చూపించిన వీడియోలో కనిపించింది కలిపి.

ఆ ఏడు మంచు అప్పుడే మొదలైంది. మెట్ల మీద జారుడుగా ఉండడంతో అత్తయ్యగారు బూట్లు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. తిరిగి బయటికొచ్చేసరికి బస్సు స్టాపులో ఆగి, ఎక్కేవాళ్ళెవరూ లేక తలుపులు మూసుకుంది. కదలడం మొదలైంది. ఆవిడ కాలిబాట మీద వీలైనంత గబగబా నడుస్తున్నారు. లోపల స్నేహితురాలు అద్దంలోంచి ఆవిణ్ణి చూశారు. బెల్టు విప్పి లేచారు. అటెండెంట్ వైపు రెండడుగులు వేసి తెలుగులోనే, "ఆపు బిడ్డా, మా వదినె వస్తున్నది" అన్నారు.

అదే సమయానికి అత్తయ్యగారు కాలిబాట దిగి రోడ్డు మీదికి అడుగు వేసి చెయ్యెత్తారు.

బస్సు టక్కున ఆగిపోయింది.

అది చేయాల్సింది అదే. ఎదురుగా మనిషి వస్తే ఆగమనే దానికి నేర్పారు. ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడ తప్పు పట్టలేను. నేను నడుపుతున్నా బ్రేకు మీద కాలు వేసేవాణ్ణే. బయట మనిషికి ఏమీ కాలేదు. లోపల నిలబడ్డ మనిషి కింద పడిపోయింది.

అత్తయ్యగారికి అది తెలియదు. బస్సు ఆగింది కదా అని సంతోషపడ్డారట. తలుపు తెరుచుకోగానే ఒక కాలు పైకి పెట్టి, వదిన మాట విసిరేలోపు తనే ఏదో ఒకటి అనాలని నోరు తెరిచారట. అప్పుడు నేల మీద ఉన్న మనిషిని చూశారు. ఒక కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటి వైపుకి తిరిగిపోయి ఉంది. అలాంటి కాళ్ళు ఆవిడ వార్డులో ఎన్నో చూశారు. తుంటి విరిగిందని అక్కడికక్కడే తెలిసింది. అటెండెంట్ ఆవిణ్ణి లేపబోతుంటే వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలతో గట్టిగా ఆపారు. అంబులెన్స్ వచ్చేదాకా మంచునీళ్ళతో తడిసిన ఆ నేల మీదే కూర్చుని, స్నేహితురాలి తల తన ఒళ్ళో కదలకుండా పట్టుకున్నారు.

ఆపరేషన్ అయింది. నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆవిడ కొడుకు వరండాలో గోడకానుకుని ఉన్నాడు. నన్ను చూసి నెమ్మదిగా, "అన్నా, మా అమ్మ ఎందుకు లేచిందో సమజయితలేదు. కూర్చోమని ఆ బండి చెప్తనే ఉంటది గదా" అన్నాడు. అందులో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నాడు. పక్కన అత్తయ్యగారున్నారు. ఎందుకు లేచిందో ఆ వరండాలో ఆవిడకొక్కరికే తెలుసు. అప్పుడు నోరు విప్పలేదు.

బస్సు ఆపేశారు. అత్తయ్యగారు కూడా బయటికి వెళ్ళడం మానేశారు. చర్చికి కారు ఎక్కమన్నా ఒంట్లో బాగాలేదన్నారు. నా భార్య ఒకవిధంగా ఊపిరి పీల్చుకుంది. కానీ ఇంట్లో కూర్చున్న మనిషి మునుపటిలా కూర్చోలేదు. నర్సు చదువు ఆవిణ్ణి ఊరుకోనివ్వలేదు. ఆ వయసులో తుంటి విరిగి మంచం పట్టినవాళ్ళకి ఏమేం వస్తాయో, ఏ వరుసలో వస్తాయో ఆవిడకి తెలుసు. అన్నం తింటూ మధ్యలో ఆగి, "పక్కకి తిప్పి పడుకోబెడుతున్నారో లేదో" అనేవారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరకుండా చూస్తున్నారో లేదో కనుక్కోమని నన్ను అడిగేవారు.

ఒక పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే వంటింట్లో ఆపారు.

"బాబూ, మీరు లెక్కలు చూస్తారు కదా. ఇందులో నా వాటా ఎంత?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. అప్పటికి చాలాసార్లు దాన్ని విడదీసి చూశాను. ఆవిడ చెయ్యెత్తకపోతే, స్నేహితురాలు లేచినా అటెండెంట్‌తో చెప్పి మళ్ళీ కూర్చునేది. స్నేహితురాలు లేవకపోతే, బస్సు టక్కున ఆగినా బెల్టు పట్టి ఉంచేది. రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి పడింది. కూడికలో అయితే ఎవరెంత వేశారో విడదీయవచ్చు. గుణకారంలో కుదరదు. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా అయ్యేది. అదే చెప్పాను.

"అంటే మొత్తం నాదేనని కూడా అనొచ్చు."

"మొత్తం ఎవరిదైనా అనొచ్చండీ. అందుకే వాటాలు కుదరవంటున్నాను."

"వార్డులో మేమలా రాసేవాళ్ళం కాదు బాబూ. ఎవరి చేతిలో జరిగిందో వాళ్ళ పేరు రాసేవాళ్ళం."

నా లెక్క సరైనదే. అది ఆవిడకి ఏ పనికీ రాలేదు.

కమిటీకి రిపోర్టు ముసాయిదా వచ్చింది. చిన్నదే. పాదచారి అనుకోకుండా రోడ్డు మీదికి వచ్చినందువల్ల వాహనం నిబంధనల ప్రకారం ఆగిందనీ, లోపలి ప్రయాణికురాలు భద్రతా సూచన పాటించకుండా నిలబడి ఉన్నందువల్ల పడిందనీ ఉంది. ఇంట్లో చదివి తెలుగులో చెప్పాను. అత్తయ్యగారు రెండో వాక్యం దగ్గర ఆపారు.

"మాట విననందుకు పడిందని రాశారా?"

"అలాంటి అర్థమే వస్తుంది."

"మీటింగుకి నేనూ వస్తాను."

నా భార్య గట్టిగా అడ్డుపడింది. వీడియోలో మొహం మసకగా ఉంది, పాదచారి ఎవరో వాళ్ళు అడగలేదు, మనం పోయి నేనేనని చెప్పుకోవడమెందుకు అంది. కేసులంటారు, లాయర్లంటారు అంది. అత్తయ్యగారు వాదించలేదు. మీటింగు రోజున కోటు వేసుకుని, ఎప్పుడూ లేనిది, మాకంటే ముందే తయారై గుమ్మం దగ్గర నిలబడ్డారు.

సిటీ ఆఫీసులో పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆ ఇంజినీరు అమ్మాయి కూడా వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయినట్టు కనిపించింది. అత్తయ్యగారు తెలుగులో చెబుతుంటే నేను వాక్యం తర్వాత వాక్యం ఇంగ్లీషు చేశాను. ఒక్క మాట కూడా కలపకూడదు, తీయకూడదని ముందే మాట తీసుకున్నారు.

"రోడ్డు మీదికి దిగింది నేనే. మా ఊళ్ళో బస్సు కదిలిపోతుంటే చెయ్యెత్తుతాం. డ్రైవరు చూస్తాడు, ఆపుతాడు. దీంట్లో చూసేవాళ్ళు లేరని నాకు తెలుసు. అయినా చెయ్యి లేచింది. ఆవిడ లేచింది నాకోసం. ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే, లోపలున్నవాళ్ళు లేచెళ్ళి వస్తున్నారు ఆపమని చెబుతారు. చెప్పకుండా కూర్చుంటే మా దగ్గర తప్పు. మాట వినక లేవలేదు ఆవిడ. అది మార్చి రాయండి."

ఇంజినీరు అమ్మాయి నా వైపు కాకుండా ఆవిడ వైపే చూస్తూ అడిగింది. మీ ఊళ్ళో డ్రైవరు మిమ్మల్ని చూశాడని మీకెలా తెలిసేది?

అత్తయ్యగారు ఇలాంటి ప్రశ్న వస్తుందనుకోలేదు. ఆలోచించుకుని చెప్పారు. "ముందు స్పీడు తగ్గేది. ఆగడం తరవాత. తగ్గిందంటే చూసినట్టే. ఇంక మనం కంగారుపడం, రోడ్డు మీదికి దిగం. లోపలున్నవాళ్ళూ కూర్చుండిపోతారు."

ఆ అమ్మాయి రాసుకుంది. తర్వాత నిదానంగా ఒప్పుకుంది. ఈ బస్సు తన దారిలో ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటుంది, కాలిబాట మీద నడుస్తున్నంతసేపూ మీరు దాని లెక్కలో లేరు, దారిలోకి అడుగు పెట్టాకే దానికి మీరు మనిషి అయ్యారు అంది. ఈ మాటల్ని అత్తయ్యగారికి తెలుగు చేశాను. నేను ఆ బస్సుని చాలాసార్లు ఎక్కాను, ఎన్నో ప్రశ్నలు అడిగాను. లోపలివాళ్ళకి ఎంత ప్రమాదం, బయటివాళ్ళకి ఎంత ప్రమాదం అని రెండు వేరు వేరు లెక్కలు కట్టుకున్నాను. లోపలున్న మనిషికీ బయటున్న మనిషికీ మధ్య ఒక సంబంధం ఉంటుందనీ, అది లెక్కని మార్చేస్తుందనీ నా పుస్తకాలేవీ చెప్పలేదు.

రిపోర్టులో ఆ వాక్యం మారింది. పరిగెత్తుకొస్తున్న మరో ప్రయాణికురాలి కోసం బస్సు ఆపించడానికి లేచిందని రాశారు. కొన్ని మార్పులయ్యేదాకా బస్సు నడపకూడదని కమిటీలో అందరం సంతకం చేశాం.

ఆ వారాంతం అత్తయ్యగారు తనంతట తానే, స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్ళమని అడిగారు. అప్పటికి ఆవిణ్ణి ఆస్పత్రి వెనకే, ఆపరేషన్ అయినవాళ్ళని మళ్ళీ నడిపించే రిహాబ్ భవనంలోకి మార్చారు. అత్తయ్యగారు గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డారు. ముందు మాట కలిపింది స్నేహితురాలే.

"ఏందొదినె, బండి నాపుమంటే నన్ను గూడ ఆపితివి."

"నువ్వు లేవకుండా కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు రాకుంటే అండ్ల నాకేం తోస్తది?"

ఇద్దరూ నవ్వలేదు. అత్తయ్యగారు దుప్పటి కాస్త తొలగించి మడమలు చూశారు, పుండ్లు లేవని తేల్చుకున్నాక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను చెయ్యెత్తబట్టే నువ్వు పడ్డావని అన్నారు. ఆవిడ ఆ మాట విననట్టే చేసి వేరే సంగతి ఎత్తారు. రోజూ నడిపించడానికి ఒకామె వస్తుందట. మంచిదేనట.

"గామె ఇంగ్లీషుల ఏందో లెక్కబెడ్తది. నాకు కాలు లేవది. నువ్వొచ్చి తిడితె లేస్తది గావచ్చు. రోజూ రారాదు?"

అత్తయ్యగారు నా వైపు చూశారు. నడిపించేది పగటిపూట. నేనూ నా భార్యా ఇద్దరం పనిలో ఉంటాం. ఆ భవనం ముందుకి వెళ్ళేది ఒకే ఒక బస్సు. అది ఆగిపోయి ఉంది.

కొంతకాలానికి అది మళ్ళీ మొదలైంది. అందరూ బెల్టు పెట్టుకునేదాకా ఇప్పుడది కదలదు. స్టాపు వైపు ఎవరైనా నడిచి వస్తుంటే తలుపులు మూయకుండా ఆగుతుంది. అటెండెంట్ చేతిలో తెర తీసేశారు, రోడ్డు వైపు తిరిగి కూర్చుంటున్నాడు. అప్పటికి స్నేహితురాలు వాకర్ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా కూడా రాలేకపోతోందని కొడుకు చెప్పాడు. నడవనంటోందట, నొప్పి అంటోందట, పడుకుంటోందట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యగారు, రేపట్నుంచి బస్సులో వెళ్తానన్నారు. నా భార్య గిన్నె దించి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి. సేఫా?"

దాచకుండా చెప్పాను. ఇంతకుముందు సున్నా ఉండేది, ఇప్పుడు ఒకటి. అంత కొద్ది ప్రయాణాల్లో ఒకటంటే చిన్నది కాదు. మార్పులు చేశారు, మేలు చేసే మార్పులే. ఎంత మేలు చేశాయో చెప్పడానికి మళ్ళీ చాలా ప్రయాణాలు జరగాలి. ఇవాళ నాకు తెలీదు.

"విన్నావా అమ్మా? ఆయనకే తెలీదట."

అత్తయ్యగారు మజ్జిగ పోసుకుంటూ చెప్పారు. "బండి లెక్క ఆయనకి తెలీదు. మంచం లెక్క నాకు తెలుసు. నడవనివాళ్ళు ఏమవుతారో నేను చూశాను. ఇంకా వారం అలాగే పడుకుంటే ఆవిడ లేవదు." కొంచెం ఆగి కూతురి వైపు చూశారు. "నిన్ను అడగట్లేదమ్మా. చెబుతున్నాను."



మర్నాడు నాకు మధ్యాహ్నం షిఫ్టు. అత్తయ్యగారు బస్సు రాకముందే స్టాపు చేరారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. బస్సు వచ్చింది, ఆవిడ ఎక్కారు. తలుపు మూసుకోకముందే గరాజ్ తలుపు లేచిన చప్పుడు వినిపించింది. నా భార్య పనికి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, ఇంటి చెప్పులతోనే కారెక్కింది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

బస్సు వెనకే వెళ్ళాం. సైకిలంత వేగం. వెనకున్న కార్లు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. ఆమె పట్టించుకోలేదు. రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకుని, బస్సు మలుపు తిరిగితే తనూ తిరిగింది, ఆగితే ఆగింది. లోపల సీట్లు ఎదురెదురు కావడంతో అత్తయ్యగారు వెనక అద్దం వైపు మొహం పెట్టి కూర్చున్నారు. మమ్మల్ని చూశారు. కోప్పడతారనుకున్నాను. చాలాసేపు కూతుర్నే చూసి, తర్వాత ఒళ్ళో సంచిలోంచి ఏదో తీసి సర్దుకోవడంలో పడ్డారు.

రిహాబ్ భవనం ముందు బస్సు ఆగింది. ఆవిడ నెమ్మదిగా దిగి, తలుపు పక్క కమ్మీ వదిలి, మంచు గీకిన దారి మీద భవనం వైపు నడిచారు. మా వైపు రాలేదు. మేం దిగలేదు. తలుపులు తెరుచుకున్నాయి, ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు, మళ్ళీ మూసుకున్నాయి.

నా భార్య ఇంజన్ ఆపలేదు. వైపర్లు ఒకసారి తిప్పి అద్దం తుడిచింది.

"తిరిగొచ్చేటప్పుడు ఎవరు చూస్తారు?" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. గేరు వేసి, బస్సు వెళ్ళిన వైపు కాకుండా, తన ఆఫీసు వైపుకి కారు తిప్పింది. ఇంటి చెప్పులతోనే వచ్చానని పెద్ద రోడ్డు దాటాకే ఆమెకి గుర్తొచ్చింది.